అమావాస్యను మింగిన లైను

కోట ఊళ్ళో రొయ్యల మేత దుకాణం మీది మేడగదే ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కోడ్ రాసేది ఇద్దరే. శివశంకర్ సీనియర్. వినీల నిరుడు చేరిన అమ్మాయి. పేరులోనే వినికిడి ఉన్నట్టు అందరూ ఆమె మాటే వినడం శంకర్‌కు మొదట శంకగా, తర్వాత శూలగా మారింది. చెరువులో మేత కుళ్ళితే వాసన వస్తుంది, కడుపులో కుళ్ళితే రాదు. అదొక్కటే అతని అదృష్టం.

చెరువుల్లో మేత చల్లే మిషన్‌కు వినీల కోడ్ రాసింది. యజమాని రంగనాయకులు గారు స్వయానా రొయ్యల రైతు. "మా చెరువు నీళ్ళకన్నా తేటగా ఉండాదమ్మా" అన్నారు. ఆ తేటమాట శంకర్‌కు తేలుకాటైంది. టీంలీడర్ కుర్చీ ఎవరిదో ఇంకా తేలలేదు మరి!

"కొంచెం చక్కదిద్దుతా సార్" అని ఆ కోడ్ తీసుకున్నాడు. పేజీడు కోడ్‌ను చెరకులా పిండి ఒక్క లైను చేశాడు. చక్కదిద్దడం అంటే చెక్కెయ్యడం అనుకున్నాడు.

"రెండూ చదవండి. బాగుండేది మిషన్‌లోకి పోతాది. రాసినోళ్ళే లీడర్" అన్నారు రంగనాయకులు.

ఆ ఆఫీసు పద్ధతి ప్రకారం ఒకరి కోడ్ మరొకరు తెలుగులో పైకి చదవాలి. అప్పుడు రాసినవాళ్ళు నోరు మెదపకూడదు.

ముందు వినీల శంకర్ లైను చదివింది. "తేదీలోంచి ఇది తీసేసి, దీంతో భాగించి, మిగిలింది సున్నా అయితే దాన్ని తిరగేసి, మేతతో హెచ్చించి..."

ఎక్కడా తడబడలేదు. తడబడుతుందని కాచుక్కూర్చున్న శంకర్‌కు అదో మంట.

"అబ్బో!" అన్నారు రంగనాయకులు, ఏమీ అర్థంకాక. ఆ అబ్బోకి శంకర్ బెలూనులా ఉబ్బాడు.

తర్వాత శంకర్ వినీల కోడ్‌ను ఒకటో తరగతి వాచకంలా వెటకారంగా చదివాడు. "అమావాస్య అయితే... మేత సగం వెయ్యి. కాకపోతే... మామూలు మేత వెయ్యి."

"ఆగబ్బా!" రంగనాయకులు కుర్చీలో ముందుకు జరిగారు. "పున్నమి ఏమైంది? పున్నమికి గూడా రొయ్య పెంకు వదల్తాది గదా. అప్పుడు మేత తినదు. అంతా అడుగున కుళ్ళి చెరువు పోతాది!"

"అయ్యో, మర్చిపోయినాను సార్." వినీల నాలుక కరుచుకుంది.

శంకర్‌కు లోపల తిరునాళ్ళు మొదలయ్యాయి. "అంత ముఖ్యమైంది ఎట్టా మర్చిపోయినావు వినీలా?"

"నీ దాంట్లో ఉండాదా శంకరా?" అడిగారు రంగనాయకులు.

తిరునాళ్ళు ఆగిపోయాయి. వినీల కోడ్‌నే కదా పిండింది! ఆమె రాయని పున్నమి అతని లైనులోకి ఎలా వస్తుంది?

"లేదు సార్."

"సరే, ఇద్దరూ ఇప్పుడే చేర్చండి. నేను టీ తాగేలోపల."

వినీల 'అమావాస్య అయితే' పక్కన 'లేదా పున్నమి అయితే' అని చేర్చింది. అయిపోయింది.

శంకర్ తన లైనును ఎడమనుంచి చదివాడు, కుడినుంచి చదివాడు. పున్నమిని చేర్చాలంటే ముందు అమావాస్య దొరకాలి. పొడుగైపోయిందని ఆ మాట తీసేసి, అంకెల్లో దాచింది తనే. రంగనాయకులు టీ తాగేసి గ్లాసు కింద పెట్టారు.

"వినీలా, ఇందాక చదివినావు గదా... అమావాస్య యాడుందమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు శంకర్.

"ఇదో అన్నా, ఈ రెండో బ్రాకెట్‌లో."

ఆమె వేలు వెతుక్కోలేదు, నేరుగా వచ్చి వాలింది. ఆమె అందులో తప్పు పట్టుకున్నా బాగుండేది. తన తెలివి తనకన్నా ఆమెకే బాగా తెలియడాన్ని అతను ఓర్వలేకపోయాడు.

"ఆ అమ్మ రాసిందే పెట్టండి" అంటూ లేచారు రంగనాయకులు.

శంకర్ తన కోడ్‌ను చెరిపేశాడు. ఒక్క లైనే కాబట్టి, ఆ పని మాత్రం తొందరగా అయింది.