సబ్బు అంటిన తాళంచెవి

రెండువేల ఒకటి ఎండాకాలంలో బందరు జనానికి దొంగల భయం పట్టుకుంది. చిలకలపూడి వైపు ఎవరో పట్టపగలే ఇళ్లలో జొరబడి బీరువాలు ఊడ్చుకుపోయారు. రోల్డుగోల్డు నగలు చేసే హనీఫ్ ఇంట్లో అసలు బంగారం పెద్దగా లేదు. భార్య సలీమా మెడలో గొలుసూ, బీరువాలో ఆమె గాజులూ, అంతే. అయినా ఆ వీధిలో అందరికంటే ఎక్కువ కంగారుపడ్డది అతనే. బెజవాడ నుంచి రాంబాబు అనే మెకానిక్‌ని పిలిపించి వీధి తలుపుకీ, బీరువాకీ అలారం పెట్టించాడు.

తలుపు కాస్త కదిలితే చాలు, చెవులు చిల్లులు పడేలా మోగేది. వినడానికి ఇరుగుపొరుగంతా వచ్చారు. సలీమాకి మాత్రం ఆ అలారం కంటే దొంగ సంగతే ఆసక్తిగా అనిపించింది.

"దొంగ ఇంట్లోకొచ్చి ముందు దేనికోసం చూస్తాడండీ?" అని అడిగింది.

"విలువైంది ఎక్కడుందో తెలుసుకునే వస్తాడండీ" అన్నాడు రాంబాబు వైర్లు చుట్టుకుంటూ.

"ఎలా తెలుస్తుంది?"

"ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే తనే చూసి ఉండాలి."

ఆ మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. అంట్లు తోముతున్నా, నగల్లో రాళ్లు పొదుగుతున్నా అదే ఆలోచన. తను దొంగైతే ఈ ఇంట్లో దేనికోసం వస్తుంది?

వారం తిరక్కుండానే పెరట్లో నూతి గట్టు మీది సబ్బు మాయమైంది. చేతులు కడుక్కోడానికి పెట్టిన ఆకుపచ్చ సబ్బు అది, ఆ ముందురోజే విప్పింది.

"కాకి ఎత్తుకుపోయుంటుంది" అన్నాడు హనీఫ్.

కాకులు సబ్బులు ఎత్తుకుపోవడం సలీమాకి తెలియని సంగతేం కాదు. ఇంకో సబ్బు పెట్టి, వంటింటి కిటికీలోంచి కనిపెట్టి చూసింది. కాకులు వచ్చాయి, మెతుకులు తిన్నాయి, సబ్బు జోలికి పోలేదు. అయినా నమ్మేద్దామనుకుంది. కానీ ఆ సాయంత్రం హనీఫ్ స్నానానికి వెళ్తూ తాళాల గుత్తి ఎప్పట్లాగే బాత్‌రూమ్ బయట మేకుకి తగిలించినప్పుడు, ఆమె చెయ్యి దానంతటదే గుత్తి మీదికి వెళ్లింది. బీరువా తాళంచెవి శుభ్రంగా ఉంది. వీధి తలుపుదీ అంతే. మంచం కింది ఇనప్పెట్టె తాళంచెవి పళ్ల మధ్య మాత్రం ఆకుపచ్చగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో గీకి వాసన చూసింది. సబ్బే.

సబ్బు మీద తాళంచెవి ఒత్తి, ఆ గుర్తు చూసి ఇంకొకటి చేయించుకుంటారని ఆమె విని ఉంది. కానీ ఇనప్పెట్టెలో ఏముంది? నగల అచ్చులు. పల్చటి రాగిరేకు అచ్చు మీద పెట్టి కొడితే పువ్వో పిట్టో లేస్తుంది. అవి హనీఫ్ తండ్రి చెక్కినవి. బజార్లో అమ్మబోతే పాత ఇనుము ధర కూడా రాదు. గాజులున్న బీరువా వదిలేసి వాటికోసం ఎవరొస్తారు?

భర్తకి చెబితే నవ్వేశాడు. "నా చేతికున్న సబ్బే అంటుకుని ఉంటుందిలే."

ఆమె వాదించలేదు. పెట్టె తాళం తుప్పు పట్టిందని చెప్పి, అచ్చం అలాంటిదే కొత్తది తెప్పించి వేసింది. తర్వాత ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. భయం ఉంది గానీ, వచ్చేదెవరో చూడాలన్న తహతహ అంతకంటే ఎక్కువుంది.

కొన్నాళ్లకి గుడివాడలో హనీఫ్ పినతండ్రి కూతురి పెళ్లి వచ్చింది. సలీమా తమ్ముడు జాహిద్ తలనొప్పిగా ఉందని రానన్నాడు. జాహిద్‌కి ముప్ఫై దగ్గరపడ్డాయి. బావ దగ్గరే పని నేర్చుకున్నాడు, మధ్యాహ్నం భోజనం రోజూ అక్క చేతిదే. దంపతులు పెరటి తలుపు తాళంచెవి పక్కింటి దయామణికి ఇచ్చి బస్సెక్కారు.

సాయంత్రం తిరిగొస్తే దయామణి గుమ్మంలోనే ఎదురైంది. "మీ జాహిద్ వచ్చాడండీ. నూతి మోటారు చూడాలన్నాడు, తాళంచెవి ఇచ్చాను. కాసేపుండి వెళ్లిపోయాడు."

"మోటారు బాగానే ఉందే" అన్నాడు హనీఫ్, అలారం చూసుకోడానికి లోపలికి నడుస్తూ.

సలీమా తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి వంగి చూసింది. పెట్టె తాళంలో ఇత్తడి తాళంచెవి ముక్కొకటి విరిగి ఇరుక్కుపోయింది. ఇన్నాళ్లూ తెలుసుకోవాలనుకున్నది తెలిసింది. తెలియకపోయినా బాగుండేదనిపించింది.

మర్నాడు హనీఫ్ సరుకు ఇవ్వడానికి బజారుకి వెళ్లాక, జాహిద్ అన్నానికి వచ్చాడు. ఆమె పళ్లెం పెట్టింది, పక్కనే తాళంలోంచి పీకిన ఆ ఇత్తడి ముక్కా పెట్టింది. జాహిద్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకురా?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాకే అడిగింది. "గాజులు కావాలంటే నేనే ఇచ్చేదాన్ని కదా."

"గాజులు కాదక్కా. నెమలి అచ్చు. ఒక్క రోజుంటే చాలు, చూసి చెక్కించుకుని మళ్లీ పెట్టేసేవాణ్ణి. నేనూ సొంతంగా కొట్టు పెట్టుకోవద్దా? బావ సరుకంటే జనం అడిగేది ఆ నెమలి పతకాన్నే, అది లేకపోతే నా కొట్టుకి ఎవరొస్తారు?"

"బావని అడగలేకపోయావా?"

"అడిగితే ఇస్తాడా?"

ఇవ్వడని ఆమెకీ తెలుసు. "ఇవ్వడు. అయినా నువ్వు అడగాలి. నువ్వే చెప్పు బావకి. నా నోటితో చెప్పించకు."

రాత్రి భోజనాలకి ముందే జాహిద్ చెప్పేశాడు, తల వంచుకుని, ఏదీ దాచకుండా. హనీఫ్ లేచి ఇనప్పెట్టె బయటికి లాగాడు. పట్టకారుతో ఆ పాడైన తాళం విరగ్గొట్టి, గుడ్డలో చుట్టిన నెమలి అచ్చు తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"కళ్లు మసకబారేదాకా మా నాన్న దీన్ని చెక్కుతూనే కూర్చున్నాడు. తీసుకెళ్లు, ఎలాగూ ఎత్తుకెళ్లబోయావుగా."

జాహిద్ దాన్ని తిప్పి చూడను కూడా లేదు. చాప మీద పెట్టేశాడు.

"రేపట్నుంచి పనికి రాకు" అన్నాడు హనీఫ్.

జాహిద్ గుడివాడలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడు. సలీమా ఆ మధ్యాహ్నాలు అలవాటుగా రెండో పళ్లెం తీసి, మళ్లీ లోపల పెట్టేసేది. భర్త న్యాయంగానే చేశాడనిపించేది. ఒక్కోసారి అసలు తను తాళం మార్చకుండా ఉండాల్సిందేమో అనిపించేది. ఏది నిజమో తేల్చుకోలేకపోయింది.

వానాకాలం వెళ్లిపోయాక ఒక ఆదివారం జాహిద్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, రుమాల్లోంచి ఒక అచ్చు తీసి బావ ముందు పెట్టాడు. వరిచేలో నిలబడ్డ కొంగ. హనీఫ్ చాలాసేపు దాని వంక చూడకుండా పని చేసుకున్నాడు. చివరికి ఒక రాగిరేకు ముక్క తీసి, అచ్చు మీద పెట్టి కొట్టాడు. సలీమా ఆగలేక భర్త భుజం మీదుగా తొంగిచూసింది. మెరుస్తున్న రేకు మీద కొంగ ఒంటికాలి మీద లేచింది.

"మెడ లావైంది" అన్నాడు హనీఫ్. "ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు బావా."

"తెలుస్తూనే ఉంది." రేకు వెలుతురుకి పట్టి ఇంకోసారి చూసి, హనీఫ్ చాప మీద కాస్త పక్కకి జరిగాడు. "కూర్చో. ఆ చిన్న ఆకురాయి ఇలా అందుకో."