మిషన్ వెనక మీటలు

మధ్యాహ్నం పన్నెండింటికి తుక్కు వ్యాన్ వస్తుంది. ఈలోగా ల్యాబ్‌లోని రక్తపరీక్షల మిషన్ ఫలితాలు ఇంట్లో కూర్చున్న కోడలి ల్యాప్‌టాప్‌లో కనబడాలి. లేకపోతే అత్తగారు రిటైరయ్యేదాకా ఇరవై రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న ఆ మిషన్ కాస్తా వ్యాన్ ఎక్కుతుంది. ఇప్పుడు దాన్ని చూసుకునేవాళ్ళు లేరని ల్యాబ్ నడిపే డాక్టర్ గారు నిన్ననే తేల్చి చెప్పేశారు.

ఫలితాలు బయటికి పంపడానికి మిషన్‌కి ఉన్నదల్లా తీగ తగిలించే పాతకాలపు సీరియల్ పోర్టు ఒక్కటే. కోడలు దానికి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తగిలించి, నెట్‌వర్క్‌కి కలిపి వచ్చింది. ఇక ఎంత దూరాన ఉన్నా ఆ తీగ కొస తన చేతిలో ఉన్నట్టేనట. ఆ మాటకే అత్తగారు పొంగిపోయింది. కోడలంటే అలా ఉండాలి మరి!

తీరా చూస్తే తెరనిండా అర్థంపర్థం లేని గుర్తులు.

"మిషన్ పంపే వేగం, పెట్టె వేగం ఒకటే ఉండాలత్తయ్యా. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే తొమ్మిదివేల ఆరువందలు పెట్టాను," అంది కోడలు నీరుగారిపోయి. అప్పటికే పదకొండున్నర.

అత్తగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేగం మార్చింది తనే. కంప్యూటర్‌ని వరండా అవతలి గదికి మార్చినప్పుడు తీగ పొడుగై అంకెలు ఎగిరిపోతుంటే, మిషన్ వెనకున్న బుల్లి మీటలు నొక్కి వేగం తగ్గించేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. పదిమందికి పని నేర్పిన మనిషి, ఇప్పుడు కోడలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, మిషన్ దక్కదు.

"రెండువేల నాలుగువందలు పెట్టమ్మా. నేనే మార్చాను. రాసిపెట్టకపోవడం నా బుద్ధితక్కువ."

కోడలు వెంటనే పెట్టె వేగం మార్చింది. తెరమీద వరుసలు చకచకా దిగాయి. రోగి నంబరు, తేదీ, హిమోగ్లోబిన్ పదమూడున్నర.

అంతలో డాక్టర్ గారి ఫోన్ వచ్చింది. కోడలు స్పీకర్ నొక్కింది.

"వస్తున్నాయా? మరి పొద్దున్నుంచీ రాకపోవడం ఎవరి తప్పమ్మా?"

అత్తగారు తల దించుకుంది.

"తప్పు కాదండీ," అంది కోడలు. "వేగం తగ్గించబట్టే ఇన్నేళ్ళూ ఒక్క రోగి అంకె కూడా తప్పు పోలేదు. ఆ పని చేసింది మా అత్తయ్య. ఇకనుంచి మీ మిషన్‌ని ఇంట్లోంచే ఆవిడ చూసుకుంటారు. వ్యాన్ వద్దని చెప్పేయండి."

"సరే, చెప్పేస్తాను," అన్నారు డాక్టర్ గారు.

అంత గర్వం అత్తగారికి ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని కోడలి భుజం తట్టింది.

"లేవమ్మా, ఆ కుర్చీ ఇలా ఇవ్వు. తర్వాతి రోగిది నేను చూస్తాను."