నాగసానమ్మ మూడో ముడి

మా వంశంలో పెండ్లికొడుకు రెండు ముళ్ళే ఏస్తాడు. మూడో ముడి పెండ్లికూతురి తల్లి ఎయ్యాల. కొత్తగా వచ్చిన అయ్యవారైతే మంత్రం ఆపేసి మా మొకాలు చూస్తాడు. మేము మాత్రం నాగసానమ్మ కాలం నుంచి ఇట్లే చేస్తా వస్తా ఉండాము.

నాగసానమ్మ కత మా అత్త వరమ్మ నోట వినాల. మాది అత్తిముగం దాటినాక వచ్చే చిన్న పల్లె. ఊరి ఎనకాల గుట్ట, గుట్ట మీద కూలిపోయిన కోట గోడ, ఆ గోడ పక్కన ఆ యమ్మ రాయి. పాళెగాళ్ళ నాడు ఆ కోటలో ఆమె పెండ్లి జరుగుతా ఉందంట. పెండ్లికొడుకు పెద్దిరాయుడు రెండు ముళ్ళు ఏసినాడు. మూడో ముడికి దారం పట్టుకున్నాడో లేదో, కింద యుద్ధం నగారా మోగింది. దారం వదిలేసి గుర్రం ఎక్కినాడు. కూతురి మెడలో సగం తాళి చూడలేక తల్లే వచ్చి ఆ ముడి ఏసింది. పోయినాయన తిరిగి రాలేదు. నాగసానమ్మ దారి తట్టు చూసి చూసి రాయి అయిపోయింది. అందుకే మాలో తల్లి ఆ ముడి ఏస్తా, పోయినోడు ఇంటికి తిరిగి రావాల తల్లీ అని మనసులో మొక్కుకుంటుంది. నా ముడి మా యమ్మ ఏసింది. నా కూతురు భూమికకు నేను ఎయ్యాల.

భూమిక పెండ్లి శ్రావణంలో పెట్టుకున్నాము. అబ్బాయి యతీశ్, గురుబరపల్లి వాళ్ళు, మాకు దూరపు చుట్టాలే, వాళ్ళలోనూ మూడో ముడి తల్లే ఏస్తుంది. సూళగిరిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నిశ్చితార్థం అయినప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. భూమిక హోసూరు కంపెనీకి పోయే బస్సు హైవేలో లారీల మధ్యన పోతుంది. యతీశ్ మిషన్లలో చేతులు పెడతాడు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, నేను రోడ్డు మీదికి పోయి నిలబడతాను. ఆ రాయి నయం, ఒక చోట నిలబడింది, నువ్వు ఊరంతా తిరుగుతా ఉండావు అని మా ఆయన కొండప్ప ఎగతాళి చేస్తాడు.

ఆషాఢంలో సినిమావోళ్ళు దిగినారు. తీసేది నాగసానమ్మ కతనే అని తెలిసి ఊరంతా సంబరపడింది. నేను మాత్రం గుట్ట తట్టు తిరిగి దండం పెట్టుకున్నాను. దేవుళ్ళ కత ఊరికే కెలికితే ఏమైతుందో ఎవరికి తెలుసు?

డైరెక్టరు దగ్గర పనిచేసే రశ్మి అనే బెంగుళూరు పిల్ల నాలుగు రోజులు మా అరుగు మీద కూర్చొని, మా అత్త చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసుకుంది. నాలుగో రోజు మా అత్త, మరి మీరేం చూపిస్తారమ్మా అని అడిగింది. రశ్మి కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది. సంతలో ఒకరినొకరు చూసుకుంటారంట. రెండు పాటలుంటాయంట. మూడో ముడి తల్లి ఎయ్యదంట, దారం కొసలు అట్లే వేలాడతా ఉంటాయంట. పన్నెండేండ్లకు పెద్దిరాయుడు తిరిగొచ్చి, గోడ దగ్గర నిలబడిన ఆమెకు తన చేత్తో ఆ ముడి ఏస్తాడంట.

మా అత్త వక్కాకు నమిలేది ఆపింది.

"ఆ యమ్మ ఆయన మొకం చూసిందే పెండ్లి పీట మీద. దానికి రెండు పాటలా?"

"ఆయన రాకపోతే జనం ఏడ్చుకుంటా ఇండ్లకు పోతారవ్వా," అనింది రశ్మి. "సినిమాలో రావాల్సిందే."

"మేము ఇన్నేండ్లూ ఏడ్చుకుంటానే ఇండ్లకు పోయినాము కదమ్మా," అని మా అత్త లేచి లోపలికి పోయింది.

హీరో, హీరోయిన్ మొకాలు కనపడే సీన్లన్నీ ముగించుకొని ఎల్లిపోయినారు. ముళ్ళు ఎనక తట్టునుంచి చూపించేది మాత్రం మిగిలింది. దానికి మెడ, జడ, ఈపు ఉంటే చాలు. ఆదివారం భూమిక తలంటుకొని జుట్టు ఆరబెట్టుకుంటా ఉంటే రశ్మి చూసింది. అదే ఎత్తు, అదే మెడ అనింది. నేను వద్దు అనేలోపే భూమిక సరే అనేసింది. ఎనకనుంచే కదా, మొకం కూడా కనపడదు అని మా ఆయన కూతురి పక్కకే చేరినాడు.

భయం ఉండేవాళ్ళు ముందుచూపుతో ఉంటారు అనుకునేదాన్ని నేను. రశ్మిని పక్కకు పిలిచి మాట తీసుకున్నాను. దారానికి పసుపు తగలకూడదు, రంగు పూసుకోండి అన్నాను. పసుపు పూసి మూడు ముళ్ళేస్తే అది తాళే, సినిమా అయినా ఇంకేమయినా. అట్లే పరాయి మొగోడు నా కూతురి మెడలో దారం ఎయ్యకూడదు అన్నాను. రేపు ఈ సంగతి యతీశ్ తల్లి మంజులమ్మ చెవిలో పడితే సంబంధం నిలుస్తుందా? చేతులే కదా కావాల్సింది, యతీశ్‌నే పిలిపిస్తాను అన్నాను. నేనే ఫోన్ చేసినాను. మిషన్ పనిలో కాయలు కాచి, గాట్లు పడిన ఆ చేతులు చూసి, యుద్ధం చేసినోడి చేతులు ఇట్లే ఉంటాయి అని రశ్మి మురిసిపోయింది. మంజులమ్మకు మాత్రం నేను చెప్పలేదు. పెండ్లయినాక చెప్పుకుందాములే అనుకున్నాను.

పెండ్లి సీనుకని మొదటి రెండు ముళ్ళు మధ్యాన్నమే తీసినారు. ఒకసారి బాగా రాలేదని దారం మార్చి మళ్ళీ తీసినారు. మూడోది ఎండ వాలినాక. ఊర్లోని ఆడోళ్ళందరినీ చేనేత కోకలు కట్టించి గోడ కింద కూర్చోబెట్టినారు. ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు అని రశ్మి మరీ మరీ చెప్పి పోయింది. భూమిక మాకు ఈపు పెట్టి గోడ దగ్గర నిలబడింది. మెడ మీద రెండు దారం కొసలు గాలికి ఆడతా ఉండాయి.

కింద దారిలో ఒక మనిషి కనపడినాడు. చినిగిన గుడ్డలు, దుమ్ము కొట్టుకుపోయిన గడ్డం, ఒక కాలు ఈడ్చుకుంటా రాళ్ళు పట్టుకొని పైకి వస్తా ఉండాడు. అది యతీశ్ అని నాకు తెలుసు, దూరంనుంచి నడిచొచ్చేది కూడా వాడి చేతే చేయించినారు. గడ్డం అతికించేటప్పుడు పక్కనే ఉండాను. అయినా ఆ మనిషి దగ్గరికి వచ్చే కొద్దీ నాకు యతీశ్ కనపడలేదు. చిన్నప్పటి నుంచి రాడు, రాడు అని విన్న మనిషి వస్తా ఉండాడు.

మా అత్త లేచి నిలబడింది. లేవకూడదు అని చెప్పినారు కదా అని నేను కోక కొంగు పట్టి లాగినాను. ఆమెకు నేను లాగేది తెలీలేదు. ఆమె పక్కనుండే ముసలమ్మ లేచింది, ఆమె ఎనకాల ఇంకొకరు. కాసేపటికి అందరమూ నిలబడినాము. నేనూ నిలబడినాను. సినిమావోళ్ళు ఒక్కరు కూడా వద్దనలేదు. పెద్ద కెమెరా పట్టుకున్నాయన నోరు తెరుచుకొని మా తట్టే చూస్తా ఉండాడు.

"వచ్చినాడు," అనింది మా అత్త, ఇంట్లో మనిషికి చెప్పినట్లు, మెల్లగా.

ఆయన ఆ రెండు కొసలూ పట్టుకున్నాడు. మూడో ముడి పడింది.

కట్ అన్నారు. అందరూ కండ్లు తుడుచుకుంటా ఉంటే నేను పరుగెత్తి పోయి భూమిక మెడ మీది చెమట తుడిచినాను. నా వేళ్ళు పచ్చగా అయినాయి. వాసన చూసినాను. పసుపు. మా ఇంటి పసుపు, నేను చేత్తో ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచిన పసుపు.

మా అత్త తట్టు తిరిగినాను. ఆమె తప్పించుకోలేదు.

"రంగు ఎండకు కారిపోతా ఉందని వాళ్ళు బాధపడతా ఉంటే నేనే ఇచ్చినాను," అనింది. "ఇన్నేండ్లకు ఆయన తిరిగొస్తా ఉంటే, ఆ యమ్మకు రంగునీళ్ళ దారమా కట్టించేది?"

పెండ్లి ముచ్చటే ఎత్తకూడని ఆషాఢంలో, అయ్యవారు లేకుండా, ముహూర్తం లేకుండా, నా కూతురి మెడలో పసుపుతాడు పడిపోయింది. నేను ఎయ్యాల్సిన ముడి, బిడ్డ మొగుడు తిరిగి రావాలని మొక్కుకుంటా తల్లి ఎయ్యాల్సిన ముడి, వాడే ఏసుకున్నాడు. వాడిని పిలిపించింది ఎవరు? నేనే. యతీశ్ సగం ఊడిన గడ్డంతో వచ్చి, నేనేమన్నా తప్పు చేసినానా అత్తా అని అడిగినాడు. నేను వేళ్ళకంటిన పసుపు కొంగుతో తుడుచుకుంటా ఉండాను.

దారం పెట్టెలో పెట్టుకుంటామని రశ్మి వచ్చింది. భూమిక దాన్ని గుప్పిట్లో పట్టుకొని నిలబడింది. ముడి విప్పేదానికి ఊరి ఆడోళ్ళలో ఒక్కరి చెయ్యీ లేవలేదు. రశ్మి మా మొకాలు చూసి, ఇంకొకటి చేయించుకుంటాములే అని మెల్లగా ఎనక్కి పోయింది.

తెల్లారేసరికి ఎవరో తీసిన వీడియో గురుబరపల్లి చేరింది. మొదటి బస్సుకే మంజులమ్మ వచ్చింది. చేతిలో గుడ్డసంచి. నిశ్చితార్థంలో మేము పెట్టిన కోక తిరిగి ఇచ్చేదానికే తెచ్చింది అనుకున్నాను. నీళ్ళిస్తే తాగలేదు. భూమికను ఎనక్కి తిరగమని, జడ పక్కకు తీసి ఆ ముడి తట్టు చానా సేపు చూసింది. మా అత్తను ఒకే మాట అడిగింది, ఆయన వచ్చేటప్పుడు నువ్వు చూసినావా అని. చూసినాను అనింది మా అత్త.

నేను మంజులమ్మ చేతులు పట్టుకొని, తప్పంతా నాదే వదినా, పిల్లకు ఏ పాపం తెలీదు, పెండ్లి మాత్రం ఆపొద్దు అని ఏడ్చినాను.

ఆమె నా తట్టు చూడలేదు. ముడినే చూస్తా చెప్పింది. "మా ఆయన లారీ ఎక్కి పోయినప్పుడల్లా మా యమ్మ ఏసిన ముడి పట్టుకొని పడుకునేదాన్ని వదినా. ఇరవై ఏండ్లు. వీడియోలో ఆ మనిషి గుట్ట ఎక్కేది చూసినాను. కన్న కొడుకును, నాకే గుర్తు రాలేదు." వేలితో ఆ ముడిని నిమిరింది. "ఈ ముడి నా కొడుకు ఏసినా, నీ కూతురికి ఏసింది కాదు. ఎవరిది వాళ్ళకు ఇచ్చేద్దాము పా."

సంచిలో ఉండేది గాజులు, కుంకుమ, బెల్లం, ఒక ఎర్ర రవికగుడ్డ. మోకాళ్ళ నొప్పులతో రెండు చోట్ల కూర్చొని లేచి, గుట్ట ఎక్కింది మంజులమ్మ. మా అత్త చెయ్యి పట్టుకొని భూమిక, ఎనకాల నేను. అడుగడుక్కీ ఎవరు జారి పడతారో అని చేతులు చాపుకొనే ఎక్కినాను.

ఆ రాయి నడుమెత్తు ఉంటుంది, పైన మెడ మాదిరి సన్నం. మొకం దారి తట్టు. మేమెప్పుడూ ముందర నిలబడే మొక్కినాము. ఆ పొద్దు మొదటిసారి అందరమూ ఎనక్కి పోయి నిలబడినాము. భూమిక ముడి విప్పకుండానే దారాన్ని తలమీదుగా తీసింది. తీసేటప్పుడు నా పానం పోయింది. కానీ దారం యాడా తట్టుకోలేదు. నాగసానమ్మ మెడలో ఏసి, ముడి ఎనక్కి వచ్చేటట్లు సర్దింది. అంతకాలం బోసిగా ఉండిన ఆ రాతి ఎనక తట్టు మూడు ముళ్ళు పచ్చగా కనపడినాయి. మంజులమ్మ చేతులెత్తింది. నేను కూడా ఎత్తినాను. ఏమని మొక్కుకోవాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ మొక్కుకున్నది ఒక్కటే, తిరిగి రావాల అని. ఇప్పుడు వచ్చినాడు కదా.

శ్రావణంలో ముహూర్తానికే పెండ్లి జరిగింది. యతీశ్ కొత్త దారానికి రెండు ముళ్ళు ఏసి, చేతులు తీసేసి నా తట్టు చూసినాడు. అయ్యవారు మంత్రం ఆపేసినాడు. నా చేతులు అలవాటు కొద్దీ ముందుకు పోయినాయి. మా అత్త వైపు చూసినాను. ఆమె వక్కాకు నములుతా ఉండిపోయింది. మంజులమ్మ వైపు చూసినాను.

"నువ్వే ఎయ్యి నాయనా," అన్నాను యతీశ్‌తో.

వాడు ఏసినాడు. అందరూ అక్షింతలు చల్లుతా ఉంటే, నేను వంగి, ముడి గట్టిగా పడిందో లేదో అని ఒకసారి లాగి చూసినాను.