చెవి ముదిరిన ఆదివారం

అంగన్‌వాడీ టీచర్ ప్రమీలారాణి బస్సు దిగి, తాళం తీసి, చీపురు పట్టేసరికే పిల్లలు వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్ళు. రోడ్డుకు ఇటు లంబాడీ తండా, అటు కోయగూడెం, మధ్యలో అంగన్‌వాడీ. గుడ్లు ఉడికేదాకా ఒకటే గోల. తండా పిల్లలు లంబాడీలో, గూడెం పిల్లలు కోయలో, కిరాణా కొట్టాయన మనవడు తెలుగులో మాట్లాడేవాళ్ళు. ఎవరి మాట వాళ్ళదే, అయినా అందరికీ అందరి మాటా తెలిసేది. తెలియనిదల్లా టీచర్‌కే.

"లాస్యా, ముత్తి ఏమంటుందమ్మా?" అని అడిగేది ఆమె.

"గుడ్డుల పచ్చది వద్దంట టీచర్. తెల్లది చాలంట. పచ్చది నాకిస్తదంట" అని తండా పిల్ల లాస్య చెప్పేది. ముత్తి గూడెం పిల్ల. తెలుగు ఒక్క ముక్క రాదు. లాస్య పక్కన ఉంటే ఆ లోటు తెలిసేది కాదు.

ఇందులో వింతేమీ లేదు. ఆ చుట్టుపక్కల పసిపిల్లల చెవులు అంతే. పాలపళ్ళలాగా కొన్నాళ్ళు ఉంటాయి, తరవాత పోతాయి. మనం ఎవరమో, వాళ్ళు ఎవరో పిల్ల తన నోటితో తాను అన్న రోజున చెవి ముదురుతుంది. ఆనాటి నుంచి అవతలివాళ్ళ మాట ఎండుటాకుల చప్పుడులా వినిపిస్తుంది. ఇళ్ళల్లో ముసలివాళ్ళు బెండకాయ కొస విరిచి చూసినట్టు పిల్లల చెవి కొస వంచి చూస్తుంటారు. మెత్తగా మడతపడితే ఇంకా లేత. గట్టిగా నిలబడితే పిల్లకు తెలివి వచ్చినట్టు. ఆ రోజు నోట్లో బెల్లంముక్క పెడతారు. పెద్దయ్యాక ఒకరితో ఒకరికి పని పడుతుంది కాబట్టి తెలుగు నేర్చుకుంటారు. సంతలో బేరాలకు అది సరిపోతుంది.

లాస్య నానమ్మ బాలి, ముత్తి నానమ్మ గంగక్క చిన్నప్పుడు వాగు ఒడ్డున కలిసి మేకలు కాసినవాళ్ళే. కడుపుబ్బా నవ్వుకున్నవాళ్ళే. ఇప్పుడు సంతలో ఎదురుపడితే "ఇప్పపువ్వు ఎట్లిస్తున్నవ్?" అని బాలి తెలుగులో అడుగుతుంది, గంగక్క ధర చెబుతుంది. అక్కడితో ఆ స్నేహం అయిపోతుంది.

గంగక్క మాత్రం మధ్యాహ్నం ముత్తిని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆకుదొన్నెలో తెచ్చినదేదైనా సగం లాస్య చేతిలో పెట్టేది. కోయలో ఏవేవో కబుర్లు చెప్పేది. లాస్యకు అన్నీ తెలిసేవి. లాస్య లంబాడీలో చెప్పే జవాబులు గంగక్కకు ఆకుల చప్పుడే, అయినా తల ఊపుతూ కూర్చునేది. ఆ ఊపడంలో అబద్ధం లేదు.

లాస్య తండ్రి సంతోష్‌ది కల్లూరులో గుమాస్తా ఉద్యోగం. కారు కొన్నాడు. తల్లి సోని డిగ్రీ దాకా చదివింది. బిడ్డను కొత్తగూడెం పట్నంలో ఇంగ్లీషు బడిలో వేయాలని ఇద్దరూ ముస్తాబై తీసుకుపోయారు. బడి మేడం బల్లమీది గ్లాసు చూపించి, "ఇదేంటమ్మా? తెలుగులో చెప్పినా పర్లేదు" అంది.

లాస్యకు తెలిసిన ప్రశ్నే. హుషారుగా చెప్పింది. "మేం పాణి అంటం. ముత్తోళ్ళు ఏర్ అంటరు. మా టీచర్ నీళ్ళు అంటది."

మేడం నవ్వింది. "మీరు కోయవాళ్ళా?"

"కాదు మేడం, లంబాడా" అంది సోని.

"అదేలెండి, అంతా అడవివాళ్ళే కదా" అంది మేడం, ఎంతో మర్యాదగా. "ఆ భాషలు కాస్త మాన్పించి మళ్ళీ తీసుకురండి, చూద్దాం."

సోని కారులో ఇంటిదాకా ఏడ్చింది. హాస్టల్లో చదువుకున్నన్నాళ్ళూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అడవిదానా అనే పిలిచేవాళ్ళు. అన్నం దగ్గర, స్నానాల దగ్గర, పరీక్ష రాయడానికి కూర్చున్నా అదే పిలుపు. తను పడ్డది బిడ్డ పడకూడదనుకుంది. ఏ తల్లయినా అలాగే అనుకుంటుంది. కాని ఇన్నేళ్ళు మోసిన ఆ మాటను ఎవరి నెత్తిన దించాలి? మేడం నెత్తిన దించలేదు కదా. రోడ్డుకు అటు పక్క గూడెం ఉండనే ఉంది.

మర్నాడు లాస్యను ముందు కూర్చోబెట్టుకుని పేలు చూస్తూ మొదలుపెట్టింది. ఇంట్లో మాట్లాడేది లంబాడీయే అనుకోండి, మన కోసం తెలుగులో చెబుతున్నాను; యాడీ అంటే అమ్మ, దాదీ అంటే నానమ్మ.

"ఇగ ముత్తి పక్కన కూసోకు."

"ఎందుకు యాడీ?"

"వాళ్ళు వేరు, మనం వేరు."

లాస్య ఆలోచించింది. ముత్తి తనకంటే నలుపని ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు. ముత్తి ఈల వేయగలదనీ, తను వేయలేదనీ తెలుసు. ముత్తికి మోకాలి మీద మచ్చ ఉంది, తనకు మోచేతి మీద ఉంది. ఇందులో ఏది వేరో అర్థం కాలేదు.

"నల్లగ ఉంటరనా?"

"అవ్."

"దాదీ ముత్తి కన్నా నలుపు గదా. దాదీ గూడ వాళ్ళేనా?"

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న బాలి గట్టిగా నవ్వింది. సోనికి మండింది. "అది మన నలుపు" అంది. "ముత్తి తల నిండ పేలు."

"నా తలల గూడ ఉన్నయ్ గదా. ఇప్పుడేగా తీస్తున్నవ్."

"ఇవి వాళ్ళ పేలే. సూడు బిడ్డా, వాళ్ళు అడుక్కునేటోళ్ళు. మనం అట్ల కాదు."

"ముత్తి నన్నేం అడగలే."

"అడుగుతది సూడు" అంది సోని.

పిల్లలు వాదనతో నేర్చుకోరు, అమ్మ మొహం చూసి నేర్చుకుంటారు. ముత్తి పేరెత్తినప్పుడల్లా సోని మొహం ముడుచుకుంది. ఎత్తకపోతే ముద్దు పెట్టుకుంది. లాస్యకు ఆ లెక్క తొందరగానే ఒంటబట్టింది.

ఆ ఆదివారం సంతోష్ వాకిట్లో పైపు పట్టి కారు కడుగుతున్నాడు. ఇంటిముందు నీడలో పక్కింటామె వచ్చి కూర్చుని, "ఏంది లాస్యా, ఇయ్యాల నీ కోయదోస్తు రాలేదా?" అని వేళాకోళమాడింది.

లాస్య తల్లి మొహం చూసింది. "వాళ్ళు అడుక్కునేటోళ్ళు. మేం వేరు" అంది.

సోని పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. సంతోష్ పైపు పక్కకు పెట్టి నవ్వాడు. బాలి లేచి వచ్చి మనవరాలి చెవి కొస వంచబోయింది. అది వంగలేదు.

"ముదిరింది" అని బెల్లం కోసం లోపలికి పోయింది. బెల్లం డబ్బా ఎదురుగానే ఉంటుంది. అయినా బయటికి రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

అంతకు కాసేపటి ముందే గూడెంలో గంగక్క ఇప్పపువ్వు ఏరుతూ ఎండుటాకుల్లో కాలు పెట్టింది. అక్కడ రక్తపింజర ఉంది. కాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చి మంచం మీద పడింది. గూడెం ఖాళీ. మిర్చి ఏరే రోజులు కావడంతో కొడుకు భీమయ్య, కోడలు, తక్కినవాళ్ళంతా పొద్దున్నే ట్రాక్టరెక్కి పోయారు. ఫోను భీమయ్య జేబులో ఉంది. ఇంట్లో ఉన్నది ముత్తి ఒక్కతే.

"తండాకు ఉరుకు" అంది గంగక్క. "లాస్యకు చెప్పు. దానికి మన మాట తెలుస్తది. వాళ్ళకు కారుంది."

ముత్తి ఉరికింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఉత్త కాళ్ళతో, లాస్య ముందు ఆగి గసబోస్తూ చెప్పింది. "అవ్వకు పాము కరిచింది. కాలు ఇంత లావైంది. మీ నాయనకు చెప్పు, కారు తెమ్మను, జల్దీ." ఇంత స్పష్టంగా చెప్పింది. ఆ వాకిట్లో ఉన్న అందరికీ ఎండుటాకులు గాలికి దొర్లినట్టు మాత్రమే వినిపించింది.

"ఏమంటుందే?" అని సోని అలవాటు కొద్దీ లాస్యనే అడిగింది.

లాస్య చెవులు రిక్కించింది. ముత్తి నోరు ఆడుతోంది, మాట లేదు. అలా ఎప్పుడూ కాలేదు. భయమేసింది. ముత్తి ఇంకా గట్టిగా అరిచింది. వంగి తన కాలు పట్టుకుని చరిచింది, గూడెం వైపు చేయి చూపింది, మళ్ళీ కాలు చూపింది. లాస్య ఆ కాలు చూసింది. చెప్పుల్లేవు, మడమ దాకా దుమ్ము. పొద్దుట్నుంచీ నోట్లో నానుతున్న మాట ఒక్కటే ఆ పిల్లకు దొరికింది.

"చెప్పులు అడుగుతున్నది యాడీ."

"నే చెప్పలే? అడుగుతదని" అంది సోని. కాని ఆమె రాక్షసేమీ కాదు. "పాపం, గింత ఎండల ఉత్త కాళ్ళతో వచ్చింది" అంటూ లోపలికి పోయి లాస్య నిరుటి గులాబీ రంగు చెప్పులు వెతికి తెచ్చింది. ముత్తి తన్నుకుంటున్నా వదలక, తనే వంగి తొడిగింది. ముత్తి విడిపించుకుని పరుగెత్తి కారు తలుపు పట్టుకుని వేలాడింది.

"ఇగో, కారు గూడ కావాల్నంట" అన్నాడు సంతోష్ నవ్వుతూ. పిల్ల చేతులు మెల్లిగా విడిపించి, తలుపు మీద పడిన దుమ్ముచేతుల గుర్తులు గుడ్డతో తుడిచాడు.

బాలి బెల్లంముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "అది చెప్పుల కోసం ఏడ్చే ఏడుపు కాదు సోనీ" అంది.

"మరేంది అత్తా?"

బాలికి తెలియలేదు. ఆమె చెవి ముదిరి ఒక జన్మ గడిచింది.

ముత్తి చాలాసేపు అరిచి, గొంతు పోయాక వెళ్ళిపోయింది. ఆ చెప్పులు కాలికి వదులు. మలుపు దగ్గర పడింది, లేచింది, వాటిని చేతిలో పట్టుకుని మళ్ళీ ఉరికింది. లాస్య బెల్లం చప్పరిస్తూ చూస్తూ నిలబడింది.

పొద్దు గూకాక ట్రాక్టర్ దిగిన భీమయ్య తల్లిని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దవాఖానాకు పోయాడు. రక్తపింజర విషం నిదానం, మధ్యాహ్నమే తెస్తే బతికేదని డాక్టర్ అన్నాడు. తెల్లారేసరికి భీమయ్య శవాన్ని గూడేనికి తెచ్చాడు.

మర్నాడు తండావాళ్ళు పలకరించడానికి పోయారు. సంతోష్‌కు నిజంగానే బాధ కలిగింది. "ఒక్క మాట మా ఇంటికి చెప్పి పంపొద్దా భీమన్నా? నిన్నంత కారు వాకిట్లనే ఉండె" అన్నాడు.

భీమయ్య తలెత్తాడు. "పంపింది సారూ. మా పోరి వచ్చి చెప్పింది గదా. మీరు చెప్పులిచ్చి పంపిన్రు."

సోని లాస్య భుజం మీది చేయి తీసేసింది. ఇంటికి వచ్చాక కూడా ఎవరూ పిల్లను ఒక్క మాట అనలేదు. అంటే ఆ మాట నేర్పిందెవరో కూడా అనాలి మరి. అంతకుముందు గూడెంలో బాలి ఒక్కతే శవం పక్కన కూలబడి లంబాడీలో ఏదో చెప్పుకుని చెప్పుకుని ఏడ్చింది. చిన్నప్పటి మేకల గురించేమో. చుట్టూ కూర్చున్న కోయ ఆడవాళ్ళకు అది ఆకుల చప్పుడే.

లాస్యను మళ్ళీ కొత్తగూడెం తీసుకుపోయారు. మేడం గ్లాసు చూపిస్తే "వాటర్" అంది. అంతకంటే ఏమీ అనలేదు. సీటు వచ్చింది. బడి తెరిచేది జూన్‌లో కాబట్టి అప్పటిదాకా అంగన్‌వాడీకే పోయేది. అక్కడ గూడెం పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియక గోడవారగా కూర్చునేది. "లాస్యా, ఏమంటున్నారమ్మా వీళ్ళు?" అని టీచర్ అడిగితే "తెల్వదు టీచర్" అనేది.

దినాలు అయ్యాక ముత్తి వచ్చింది. ఉత్త కాళ్ళతోనే వచ్చింది. చేతిలో ఉన్న గులాబీ చెప్పుల్ని తెచ్చి లాస్య ముందు పక్కపక్కన పెట్టింది.

"నాకు వినపడలే ముత్తీ" అంది లాస్య తన భాషలో. "ఒట్టు, నాకు వినపడలే."

ముత్తి గాలి ఎటు నుంచి వస్తోందా అన్నట్టు చూసింది. లాస్య చేయి చాచి, నానమ్మ చేసినట్టే, ముత్తి చెవి కొస పట్టుకుని వంచింది. గట్టిగా ఉంది. మళ్ళీ వంచింది. ముత్తి ఆ చేతిని తోసేసి, మాట మాట విడదీసి, తెలుగులో అంది.

"మీరు వేరు. మేం వేరు."

గుడ్లు ఒలుస్తున్న ప్రమీలారాణి చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ ఎంత బతిమాలినా కాకి అని కూడా పలకని పిల్ల.

"అయ్యో నా బంగారు తల్లీ, తెలుగు వచ్చేసిందే నీకు!" అని ముత్తిని దగ్గరికి తీసుకుంది. "ఎంత చక్కగా, ఒక్క తప్పు లేకుండా చెప్పిందో విన్నారా? ఏదీ, అందరూ చప్పట్లు కొట్టండి."

పిల్లలందరూ కొట్టారు. లాస్య కూడా కొట్టింది.