చుక్క ఆగేదాకా

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫిజిక్స్‌లో డాక్టరేటు చేసి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ జుట్టు నెరిసినా, నా ఉద్యోగం ముందు ‘తాత్కాలిక’ అన్న మాట మాత్రం ఊడలేదు. ఈసారి పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. ఇది తప్పితే వయసు దాటిపోతుంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా అందిస్తూ మా ఆవిడ, “అడిగినదానికే జవాబు చెప్పండి. తెలిసిందంతా చెప్పకండి. మీ పాఠం వింటే నాకే నిద్రొస్తుంది, ఇక కమిటీ వాళ్ల సంగతేంటి!” అంది. నవ్వాను. గుమ్మం దగ్గర మాత్రం తను నవ్వలేదు. “ఈసారి అయిపోవాలండీ,” అంది.

ఇంటర్వ్యూలో ఒక ప్రయోగం చేస్తూ పాఠం చెప్పాలి. నాకు గాల్వనోమీటరు వచ్చింది. కరెంటు కాస్త తగిలితే చాలు, లోపలి చిన్న అద్దం కదిలి, దాని మీంచి పడే వెలుగు చుక్క స్కేలు మీద అటూ ఇటూ ఊగుతుంది. ఊగడం ఆగాకే మళ్లీ రీడింగు తీయాలి. ఏళ్ల తరబడి పిల్లల చేత చేయిస్తున్నదే. నా పంట పండిందనుకున్నాను.

మా ల్యాబ్ అటెండరును అందరం బాబాయ్ అంటాం. కమిటీ వస్తోందని ఆయన బీరువాలోంచి సీలు విప్పని కొత్త గాల్వనోమీటరు తీసి, తుడిచి, బల్ల మీద అమర్చాడు.

మొదటి రీడింగు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. చుక్క ఊగుతోంది. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నాకు దొరికే విశ్రాంతి అదే. పిల్లలు గుసగుసలాడుకుంటుంటే, స్టూలు మీద కూర్చుని చుక్కను చూస్తాను. అప్పుడూ అలాగే చూస్తున్నాను.

“ఏమండీ, పాఠం ఆపేశారేం?” అన్నారు కమిటీ పెద్దాయన.

“చుక్క ఆగాలి సార్.”

“మేం రిటైరయ్యేలోపు ఆగుతుందా?”

పక్కనున్న ప్రొఫెసరమ్మ లేచి వచ్చి, గాల్వనోమీటరు పక్కనున్న మీట నొక్కారు. చుక్క ఠక్కున సున్నా దగ్గర ఆగిపోయింది.

“ఇది ఎందుకు పెట్టారనుకున్నారు?” అన్నారు. కోపంగా కాదు, జాలిగా.

నాకు తెలుసు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. కానీ మా ల్యాబులోని పాతదానికి ఆ మీట నేను చేరేనాటికే పాడైపోయింది. బాగు చేయించమని అడిగి అడిగి ఊరుకున్నాను. ఉన్నదాంతో సర్దుకుపోవడం చిన్నప్పుడు ఇంట్లో నేర్చిందే. మీట ఉందన్న సంగతి నా చెయ్యి ఎప్పుడో మరిచిపోయింది. ఇదంతా చెబితే సాకులా ఉంటుందని, “సారీ మేడం,” అన్నాను.

మధ్యాహ్నం మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారు వరండాలో ఎదురయ్యారు. “వేరే అతనికి ఇచ్చారోయ్. నీ కాంట్రాక్టు ఎక్కడికీ పోదులే,” అంటూ భుజం తట్టి వెళ్లిపోయారు.

ల్యాబులో బాబాయ్ కొత్తదాన్ని పెట్టెలో సర్దుతున్నాడు. “బీరువాలో పెట్టి తాళం వేసెయ్యమన్నారు సార్.”

“ఇప్పుడు పిల్లలొస్తారు కదా బాబాయ్. వాళ్లదయ్యాక వేద్దువుగాని.”

“హెడ్డు గారు తిడతారు.”

“నన్ను తిట్టమను. ఇంకేం చేస్తారు నన్ను?”

బాబాయ్ నా మొహం ఒకసారి చూసి, దాన్ని మళ్లీ బయటికి తీశాడు.

“అబ్బ, ఇంతేనా సార్! ఇన్నాళ్లూ మా చేత తపస్సు చేయించారా?” అంది ముందు బల్ల అమ్మాయి, మీట నొక్కి. అందరూ నవ్వారు. ప్రాక్టికల్ ఎన్నడూ లేనంత తొందరగా ముగిసింది.

అందరూ వెళ్లాక పాతదాని ముందు కూర్చుని, కరెంటు ఒకసారి తగిలించాను. ఫోను మోగింది. మా ఆవిడ. మోగి మోగి ఆగిపోయింది. చుక్క ఇంకా ఊగుతూనే ఉంది. అదీ ఆగాక నేనే ఫోను చేద్దామనుకున్నాను.