తప్పైపోయిందండి

మా తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. ఎవరితో ఏం జరిగినా వాడికి వచ్చింది ఒక్కటే మాట, "తప్పైపోయిందండి." బస్సులో ఎవరైనా వాడి కాలు తొక్కితే ఆ మాట వాడే అంటాడు. ఓసారి నా కుట్టు దుకాణంలో కుర్చీ తగిలి కుర్చీకే చెప్పబోయాడు. "ఒరేయ్, అది నీమీద కేసు పెట్టదులేరా" అని నవ్వాను. కేసు పెట్టేవాళ్ళు వేరే ఉన్నారని నాకప్పుడేం తెలుసు!

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం వాడి పని. ఆ రోజు ఇద్దరు కలిసి ఓ బీరువాను మెట్ల మీంచి దించుతున్నారు. కింది వైపు వీడు, పై వైపు తోటివాడు. పై అంతస్తులో ఉండే ఒక పెద్దాయన, దారి మూసేశారని అరుచుకుంటూ గోడ వారగా దూరి దిగబోయి, మెట్టు తప్పి పడ్డాడు. మణికట్టు విరిగింది. మావాడు బీరువాను మెట్టుమీద నిలబెట్టి, ఆయన్ని లేవదీసి, చేతులు జోడించి తన పాట తను పాడాడు. ఆయన ఈ దేశంవాడు, మన తెలుగు రాదు గానీ, జోడించిన చేతులు చూసి వీడే తోశాడని నమ్మేశాడు. పోలీసులకూ అదే చెప్పాడు. తోటివాడిని అడిగితే, "నాకు బీరువా తప్ప ఇంకేం కనబడలేదు" అన్నాడు. వాడి మొహం, వాడి బీరువా!

కోర్టులో మన మాటను వాళ్ళ భాషలోకి చెప్పడానికి ఒక దుబాసీని పెట్టారు. నేరం ఒప్పుకుంటావా అని జడ్జి అడిగితే, మా తమ్ముడు గదిలో ఓ మూల కట్టుకట్టిన చేతితో కూర్చున్న పెద్దాయన్ని చూసి, "అయ్యో, తప్పైపోయిందండి" అన్నాడట. దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పాడు, 'తప్పు నాదే అంటున్నాడు' అని. జరిమానా వేశారు. కట్టేసి, గండం గడిచిందనుకుని ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు. మేమూ అంతే అనుకున్నాం.

ఈ దేశంలో ఉండడానికిచ్చే పర్మిట్ మూడోసారి పొడిగించుకోవడానికి వెళ్ళినప్పుడు బయటపడింది అసలు సంగతి. గాజు పలక వెనకాల కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీమీద దాడి కేసులో శిక్ష ఉంది. పర్మిట్ పొడిగించరు. దేశం వదలాలి" అని చాలా మర్యాదగా చెప్పింది. వాడి పర్మిట్ పోతే మరదలి పర్మిట్ కూడా పోతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్ళో అక్షరాలు దిద్దుతున్న నా మేనకోడలు కూడా వాళ్ళతోనే పోవాలి. వాడేమో ఆ అమ్మాయికి కూడా "తప్పైపోయిందండి" అని బయటికొచ్చాడు. వీడిని కొట్టాలో కావలించుకోవాలో తెలియలేదు నాకు.

లాయరమ్మను పట్టుకున్నాను. మా దుకాణంలో కోటు బిగుతు చేయించుకునేది ఆవిడ. మన భాష రాదు గానీ మనిషి మంచిది. అంతా విని, "ఏం ఒప్పుకుంటున్నాడో తెలియకుండా ఒప్పుకున్నాడని, పర్మిట్ పోతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదని రుజువు చేస్తే ఆ తీర్పు కొట్టేయించవచ్చు. ఉన్నది ఇదొక్కటే దారి" అంది. తరవాత నావైపు వేలు చూపించి, "కోర్టులో ఈసారి ఆ మాట రాకూడదు. వచ్చిందా, ఇవాళ కూడా ఒప్పుకుంటున్నాడని రాసేసుకుంటారు" అంది.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. దుకాణం మూసి వాణ్ణి మిషను ముందు కూర్చోబెట్టేదాన్ని.

"తోశావా?"

"లేదక్కా."

"అక్కా ఏంట్రా, జడ్జిని! మరి ఆయనెలా పడ్డాడు?"

"మెట్టు తప్పి... పాపం, తప్పై..."

"చంపేస్తాను!"

"తప్పైపోయిందక్కా."

మరదలు పక్కన కూర్చుని నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. నాకూ అంతే. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

కోర్టు రోజున కొత్త దుబాసీ వచ్చింది, మన పిల్లే. ముందు పాత రికార్డింగ్ వినిపించారు. మా వాడి గొంతు ఆ గదిలో ఎంత చిన్నగా ఉందో! జడ్జి కూడా ఆడమనిషే. సాక్షిగా నన్ను పిలిచి, ఈ మాట మీవాళ్ళు ఎప్పుడంటారని అడిగింది.

"మనసు నొప్పించినప్పుడంటామండి. నొప్పించకపోయినా, ఎదుటి మనిషి నొచ్చుకుంటే అంటాం. గొడవ పెరగకూడదనుకుంటే అంటాం. నేరం చేసినవాడు మాత్రం చచ్చినా అనడండి, నేను చేయలేదు అంటాడు" అన్నాను. ఆ చివరి ముక్క లాయరమ్మ నేర్పలేదు, కడుపుమంటతో వచ్చేసింది. జడ్జి పెదవి కొంచెం కదిలింది.

తరవాత మా తమ్ముణ్ణి నిలబెట్టారు. "ఆయన్ని తోశావా?" అని జడ్జి అడిగింది.

"లేదండి."

అమ్మయ్య, అనుకున్నాను.

"తోయకపోతే ఆ రోజే ఆ మాట చెప్పొచ్చుగా?"

దీనికి మేం అభ్యాసం చేయలేదు. వాడు నెమ్మదిగా అన్నాడు. "ఆయన నా తండ్రి వయసువాడండి. చెయ్యి పట్టుకుని విలవిల్లాడుతున్నాడు. అలాంటి మనిషి ముందు నిలబడి, నా తప్పేం లేదని ఎలా అంటానండీ? ఆ రోజు నేనన్న మాటకి నా పిల్ల బడి పోతుందని నాకెవరూ చెప్పలేదు."

కొత్త దుబాసీ ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. జడ్జి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి చాలాసేపు రాసుకుంది. తరవాత చదివింది. లాయరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పాత తీర్పు కొట్టేశారు. మీమీద ఇక ఏ శిక్షా లేదు" అని దుబాసీ పిల్ల మన భాషలో చెప్పింది. మరదలు మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

మా తమ్ముడు మాత్రం కదల్లేదు. ఇంకేమైనా చెప్పుకోవాలా అని జడ్జి అడిగితే, చేతులు జోడించి, "సెలవిప్పిస్తే ఇంటికెళ్ళిపోతానండి" అన్నాడు.

దుబాసీ పిల్ల నోరు తెరిచి, మళ్ళీ ఆగింది. ఇలాంటి కేసుల్లో ఇంటికెళ్ళిపోతానంటే పుట్టిన దేశానికి తిరిగిపోతానని రాసుకుంటారట. మావాడి వైపు వంగి మెల్లగా అడిగింది, "ఏ ఇంటికని చెప్పమంటారన్నా?"

వాడు ఆ పిల్లని వింతగా చూశాడు.

"ఇంకే ఇల్లమ్మా? మా పాప బడి నుంచి వచ్చే ఇల్లే."