ఆకు ఎవరెత్తాలి?

నాకు గొంతు పెద్దదని పామర్రు చుట్టుపక్కలంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ, నాకేం? నాట్లేసేటప్పుడు అవతలి గట్టు మీదున్న మనిషిని పిలవాలంటే గొంతు పెద్దది గాక చిన్నదవుద్దా? కానీ ఆ రోజు బెజవాడ హోటల్లో నేను గొంతెత్తలేదు. అన్నం అడిగాను, అంతే.

మా ఎలిజబెత్‌కి ఇబ్రహీంపట్నంలో టీచరుద్యోగం వచ్చింది. అక్కడ కరెంటు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆ సాయంత్రం బడి వదిలేలోగా చేరాలి, అదే ఆఖరి గడువు. మా ఆయన ఏసుపాదానికి చేలో పని తెమల్లేదు, దాంతో నేనే తోడు బయల్దేరాను. బెజవాడలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది, ఇబ్రహీంపట్నం బస్సుకి ఇంకా చాలా టైముంది.

"అమ్మా, అరటిపళ్ళు కొనుక్కుని తిందాం" అంది పిల్ల.

"నోర్ముయ్యవే. టీచరమ్మవి, అరటిపళ్ళేంటి? దర్జాగా హోటల్లో భోంచేద్దాం పద" అన్నాను.

బస్టాండు ఎదురుగానే భోజన హోటలు. లోపల కిటకిటలాడుతున్నారు జనం. తినేవాడి కుర్చీ వెనకాలే ఇంకొకడు నిలబడి, వీడెప్పుడు లేస్తాడా అని చూస్తున్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఓనరు రామకోటేశ్వరరావు గారు మాకు టిక్కెట్లిస్తూ, "మీరేమిటోళ్ళమ్మా?" అనడిగాడు. మా వైపు ఆ మాటకి అర్థం ఒకటే. ఏం కులం అని. ఎలిజబెత్ నేల చూపులు చూసింది. నేనే చెప్పాను, "ఆర్సీయం వాళ్ళమండీ" అని. రోమన్ కేథలిక్కులం కదా, ఎవరడిగినా మేం చెప్పే మాట అదే.

ఆ గోలలో ఆయన చెవికది ఆర్టీసీ అని వినబడింది!

"ఆర్టీసీ వాళ్ళా! ముందే చెప్పొద్దూ! అంకమ్మరావ్, ఫ్యాను కింద వెయ్యరా ఆకులు!" అని ఒకటే హడావిడి. కండక్టర్లు ఏ హోటలు బాగుందంటే జనం అటే పోతారు, అందుకని ఆర్టీసీ అంటే ఆయనకి దేవుళ్ళే. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దాలి? అబద్ధం నా నోరాడలేదు, ఆయన చెవి ఆడింది.

అరిటాకుల్లో ముద్దపప్పు, దోసకాయ కూర, గోంగూర పచ్చడి. వడ్డించే అంకమ్మరావు నెయ్యి రెండు గరిటెలు వేశాడు. ముద్ద కలిపేముందు అలవాటు చొప్పున నుదుటి మీద, గుండె మీద, రెండు భుజాల మీద చెయ్యి పెట్టి సిలువ గుర్తేసుకున్నాం. తలెత్తేసరికి ఓనరు మా వైపే చూస్తున్నాడు. ఆ మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

మేం మజ్జిగన్నంలోకి వచ్చాక మెల్లగా మా దగ్గరకొచ్చి, "తిన్నాక మీ ఆకులు మీరే ఎత్తి, వెనక గుమ్మం బయట పారెయ్యండమ్మా" అన్నాడు.

చుట్టూ చూశాను. అందరి ఆకులూ అంకమ్మరావే ఎత్తుతున్నాడు. మా పక్కన తిన్న పెద్దమనిషి బ్రేవుమని త్రేన్చి లేచిపోతే ఆయన ఆకూ ఎత్తాడు. మా దాకా వచ్చేసరికి ఓనరు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఒళ్ళు భగ్గుమంది నాకు. ఆకెత్తడం నాకు కష్టమా? ఆసాముల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి పోయినప్పుడు మా ఆకులు మేమే ఎత్తుకునేవాళ్ళం, కిక్కురుమనకుండా. ఇక చాలు. రేపట్నుంచి నలుగురి పిల్లలకి చదువు చెప్పబోయే నా కూతురు, మొదటిరోజే ఆకు పట్టుకుని వెనక గుమ్మంలోంచి పోవాలా? నేను బతికుండగా కాదు.

ఎలిజబెత్ అప్పుడే ఆకు మడిచేసింది. కళ్ళల్లో నీళ్ళు. "ఎత్తేద్దామమ్మా. బస్సు టైమవుతోంది. ఎవరూ చూడట్లేదులే."

"నేను చూస్తున్నానుగా. వాళ్ళు ఎత్తేదాకా లేచేది లేదు, కూర్చో" అని, దాని ఆకు నేనే విప్పి పరిచాను. "అంకమ్మరావు గారూ, కాస్త అన్నం పెట్టండి."

కడుపునిండా భోజనం అని ఆయన బోర్డు మీదే రాసుంది. ఇక ఆకు ముందు కూర్చున్న మనిషిని, పగవాడైనా సరే, ఎవరన్నా లేపుతారా? ఓనరు పళ్ళు నూరుకున్నాడు గానీ లేవమనలేకపోయాడు. అన్నం వచ్చింది. చారు పోయించుకున్నాను. మళ్ళీ అన్నం, మళ్ళీ పప్పు. మెతుకు మెతుకూ నమిలాను.

"ఏంటమ్మా, ఇంకా కాలేదా?" అన్నాడు నా కుర్చీ వెనకాయన.

"ఆకలండీ. పామర్రు నుంచొచ్చాం" అన్నాను.

అంతట్లోకి బయట ఇబ్రహీంపట్నం బస్సు హారను కొట్టింది. కడుపు చూస్తే పగిలేట్టుంది. నా మంకుపట్టుకి పిల్ల ఉద్యోగం పోతే? పోనీలే, వెధవ ఆకు, ఒక్కసారికి ఎత్తేస్తే ఏం పోయిందనిపించింది. ఆకు అంచు పట్టుకున్నాను.

ఎలిజబెత్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా" అని, తలెత్తి పిలిచింది. "ఏవండీ, నాక్కూడా అన్నం పెట్టండి!"

మా ఇంట్లో ఉప్పు కావాలన్నా గట్టిగా అడగని పిల్ల! హాలంతా వినబడింది. బస్సు వెళ్ళిపోయింది. ఉద్యోగం సంగతి ఇప్పుడే చెప్పేస్తా, లేకపోతే మీకు అన్నం సయించదు. ఆ తర్వాత సిమెంటు లారీ ఎక్కి పోయి, బడి వదలకముందే చేరింది. కానీ ఆ క్షణాన అది మాకు తెలీదు. పోయిందనే అనుకున్నాం. అనుకునే కూర్చున్నాం.

వెనక నిలబడ్డ వాళ్ళకి ఇంక ఓపిక చచ్చింది. "ఏవయ్యా ఓనరూ, ఆకులెత్తించవయ్యా! మా బస్సులు కూడా పోవాలా?" అని ఒకాయన అరిచాడు, ఇంకో ఇద్దరు అందుకున్నారు. మా పరువు కోసం అరిచారంటారా? అబ్బే, వాళ్ళ ఆకలి వాళ్ళది. ఎవరి కోసమైతేనేం, అరిచారు.

"ఎత్తెయ్యరా అంకమ్మరావ్" అన్నాడు ఓనరు, అటు తిరిగి.

అంకమ్మరావు చెయ్యి చాపాడు. ఎలిజబెత్ తన ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన ఇందాకే ఎత్తబోయారండీ. వద్దని ఆపింది మీరు. మీరే ఎత్తండి."

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మా పిల్లని మెత్తనిదనుకున్నాడు పాపం. ఓనరు మా వైపు చూశాడు, వెనక జనం వైపు చూశాడు, గుమ్మంలోంచి ఇంకా వస్తున్న వాళ్ళ వైపు చూశాడు. ఆఖరికి పంచె ఎగ్గట్టి వంగాడు. నా ఆకు తీసి దాని ఆకు మీద పెట్టి, కొనవేళ్ళతో రెండూ కలిపి పైకి లేపాడు.

"నిదానమండీ" అంది మా టీచరమ్మ. "చారు కారుతోంది."